నాలుగు 4 టీబీ డిస్కులు వేస్తే 10.9 మాత్రమేనా? నాస్ మాటలకు అర్థాలు, ముట్టుకోవాల్సినవి, ముట్టుకోకూడనివి

మీరు అడిగింది కుదించి చెప్తే ఇదీ: పెళ్లి ఫొటోలు, వీడియోలు చేసే స్టూడియో మీది. నాలుగు బేల (డిస్కు పెట్టే అరల) నాస్ బాక్స్, అంటే నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె, కొని, 4 టీబీ డిస్కులు నాలుగు వేసి, రెయిడ్ 5 పెట్టారు. 16 టీబీ వస్తుందనుకుంటే పూల్ సైజు 10.9 అంటోంది. గిగాబిట్ పోర్టే అయినా కాపీ వేగం సెకనుకి 112 ఎంబీ మించడం లేదు. ఒక సిస్టమ్‌లో అయితే 11 దాటడం లేదు. వైరింగ్ చేసిన కుర్రాడేమో వెనకున్న రెండు పోర్టులూ కలిపేస్తే స్పీడు డబుల్ అన్నాడు. సెట్టింగుల్లోకి వెళ్తే పూల్, వాల్యూమ్, లన్, టార్గెట్, ఎంటీయూ, బాండింగ్ అంటూ మాటల అడవి.

ముందు సూటిగా జవాబు. 10.9 సరైన లెక్కే. 112 కూడా సరైన స్పీడే. 11 మాత్రం తప్పు, దాదాపుగా అది కేబుల్ దోషమే. రెండు పోర్టులు కలిపినా ఒక్క సిస్టమ్‌కి కాపీ వేగం పెరగదు. లన్, టార్గెట్ మీ పనికి అక్కర్లేదు. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు.

ఈ మాటలన్నీ ఒకే కుప్పగా చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. నిజానికి ఇవి అంతస్తులు. అట్టడుగున డిస్కు. నాలుగు డిస్కుల్ని కట్టేది రెయిడ్. అలా కట్టగా వచ్చిన మొత్తం చోటు పూల్. అందులోంచి కోసి ఫైల్ సిస్టమ్ వేసిన ముక్క వాల్యూమ్. వాల్యూమ్ లోపల షేర్డ్ ఫోల్డర్. ఆ ఫోల్డర్‌ని మీ పీసీకి చూపించే భాష ఎస్ఎంబీ. ఆ భాష నడిచే దారి ఐపీ అడ్రస్, పోర్టు, కేబుల్, స్విచ్. ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఆ తేడా ఏ అంతస్తులోదనే. చాలామంది కేబుల్ దోషానికి రెయిడ్ మార్చేస్తుంటారు, డిస్కు దోషానికి రౌటర్ మార్చేస్తుంటారు.

టీబీ లెక్క

డిస్కు మీద 4 టీబీ అని వేస్తే 4 పక్కన పన్నెండు సున్నాలన్ని బైట్లు ఉన్నాయని. కంపెనీ మోసం చేయలేదు, వాళ్లు వెయ్యితో లెక్కేశారు. విండోస్, చాలా నాస్ సాఫ్ట్‌వేర్లు 1024తో లెక్కేస్తాయి. 4 లక్షల కోట్లని నాలుగుసార్లు 1024తో భాగించండి, 3.638 వస్తుంది. ఈ రెండో కొలతకి టెబిబైట్ అని వేరే పేరుంది. తెర మీద మాత్రం దాన్నీ టీబీ అనే వేస్తారు, గొడవంతా అక్కడే. రెయిడ్ 5లో ఒక డిస్కంత చోటు పారిటీకి (పోయిన డేటాని తిరిగి రాబట్టే లెక్కకి) పోతుంది కాబట్టి మిగిలేది మూడు డిస్కులది: 3.638 గుణించి 3, అంటే 10.91. వాల్యూమ్ చేశాక ఇంకొంచెం తగ్గుతుంది, బాక్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్‌కి, ఫైల్ సిస్టమ్ తన లెక్కలకి కొంత తీసుకుంటాయి.

రెయిడ్, పారిటీ

రెయిడ్ అన్న మాట 1988లో బర్క్‌లీ పరిశోధకులు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో వాడుకలోకి వచ్చింది. ఇంగ్లీషులో అది ఆర్, ఏ, ఐ, డీ అనే నాలుగు అక్షరాల పొట్టి మాట, అందులో ‘ఐ’ అక్షరానికి వాళ్లిచ్చిన అర్థం ఇనెక్స్‌పెన్సివ్, చవక అని. డిస్కులమ్మే వాళ్లకి ఆ మాట నచ్చలేదేమో, తర్వాత ఇండిపెండెంట్ అయిపోయింది.

పారిటీ అంటే మంత్రమేమీ కాదు. మూడు డిస్కుల్లో ఒకే వరసలో ఉన్న బిట్లు ఇలా ఉన్నాయనుకోండి:

మొదటి డిస్కు: 1 0 1 1
రెండో డిస్కు: 0 1 1 0
మూడో డిస్కు: 1 1 0 0
పారిటీ: 0 0 0 1

ఒక్కో నిలువు వరస చూడండి. ఒకట్ల సంఖ్య సరి అయ్యేలా పారిటీ వేశారు. మొదటి వరసలో ఒకట్లు రెండున్నాయి, అందుకే పారిటీ 0. చివరి వరసలో ఒక్కటే ఉంది, అందుకే 1. ఇప్పుడు రెండో డిస్కు చచ్చింది. మిగిలిన మూడు వరసలు పెట్టుకుని ఒకట్లు సరి కావాలంటే పోయినచోట ఏముండాలో వెతికితే 0 1 1 0 తిరిగి వస్తుంది. రీబిల్డ్ అంటే ఇంతే. ఈ పారిటీ ఒకే డిస్కులో కూర్చోదు, వరస వరసకీ డిస్కు మారుతూ ఉంటుంది. ‘నాలుగో డిస్కు పారిటీది, అందులో డేటా ఏమీ ఉండదు’ అనుకోవడం రెయిడ్ 5లో కుదరదు.

ఈ లెక్కలోంచే రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది: రెండు డిస్కులు ఒకేసారి పోతే లెక్క తేలదు, మొత్తం పోయినట్టే. రెండోది: ఒక డిస్కు పోయి డిగ్రేడెడ్ అని చూపిస్తున్నప్పుడు కొత్త డిస్కు నింపాలంటే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. సగటున సెకనుకి 150 ఎంబీ అనుకున్నా 4 టీబీకి ఏడున్నర గంటలు. మధ్యలో మీరు ఎడిటింగ్ కూడా చేస్తే రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని సెక్టర్ (డిస్కు మీద డేటా రాసే చిన్న గడి) రేటు 10 టు ది పవర్ 14 బిట్లకి ఒకటి లోపు అని ఉంటుంది. అది సుమారు 12.5 టీబీ. నిజంగా ప్రతి 12.5 టీబీకీ ఒక లోపం వస్తుందని కాదు, అది పైహద్దు. కానీ మీ రీబిల్డ్‌లో చదవాల్సింది 12 టీబీ అని గుర్తుంచుకోండి. ముసలి డిస్కులు బయటపడేది ఆ రోజే.

మీ దగ్గర నాలుగు 4 టీబీలే కాబట్టి రెయిడ్ 5 తప్పేం కాదు. డిస్కులు 8 టీబీ దాటితే నా ఓటు రెయిడ్ 6కి. నాలుగు డిస్కుల్లో రెయిడ్ 6 అయినా రెయిడ్ 10 అయినా మీకు దక్కేది 7.28 మాత్రమే. తేడా ఏమిటంటే, రెయిడ్ 6లో ఏ రెండు పోయినా బతుకుతుంది. రెయిడ్ 10లో డిస్కులు జంటలుగా ఒకే డేటా మోస్తాయి, మొదట పోయినదాని జంట కూడా పోతే కథ ముగుస్తుంది, కానీ చిన్న చిన్న రాతలు వేగంగా జరుగుతాయి, రీబిల్డ్‌కి ఒక్క డిస్కు చదివితే చాలు. రెయిడ్ 1 అంటే రెండు డిస్కుల అద్దం. రెయిడ్ 0లో రక్షణ సున్నా, పేరులోనే ఉంది. సైనాలజీ కంపెనీ నాస్‌లో కనిపించే ఎస్‌హెచ్‌ఆర్ వేరే కొత్త రెయిడ్ కాదు, వేర్వేరు సైజుల డిస్కులు కలిపినప్పుడు చోటు వృథా కాకుండా లోపల ఇవే రెయిడ్‌లను ముక్కలు ముక్కలుగా అమర్చే పద్ధతి.

డిస్కు రకం గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. కొనేటప్పుడు సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) అని ఉన్నదే తీసుకోండి. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, ఒకచోట తిరగరాయాలంటే పక్కవీ తిరగరాయాలి. కాపీ మొదట్లో బాగానే పోతుంది, లోపలి కాష్ నిండాక సెకనుకి పది ఇరవై ఎంబీలకి పడిపోతుంది, రీబిల్డ్ రోజుల తరబడి సాగుతుంది, ఒక్కోసారి డిస్కు జవాబివ్వడం లేదని బాక్స్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. 2020లో ఈ విషయం మీద పెద్ద గొడవ జరిగాక వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్ అనే పేరుతో సీఎంఆర్ డిస్కులను విడదీసింది. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సీఎంఆరే. డెస్క్‌టాప్ డిస్కుతో ఇంకో ఇబ్బంది: చదవలేని సెక్టర్ తగిలితే నిమిషం దాకా అక్కడే తంటాలు పడొచ్చు. నాస్ డిస్కు సుమారు 7 సెకన్లకే చేతులెత్తేసి ‘ఇది చదవలేను, పారిటీ నుంచి తీసుకో’ అంటుంది. రెయిడ్‌లో కావాల్సింది ఆ రెండో గుణమే.

పూల్, వాల్యూమ్, థిన్, థిక్

ఇక్కడ పెద్దగా తల బద్దలుకొట్టుకోవాల్సింది లేదు. పూల్ స్థలం లాంటిది, వాల్యూమ్ అందులో కట్టిన ఇల్లు, షేర్డ్ ఫోల్డర్ గది. మీకు ఒక పూల్, ఒక వాల్యూమ్, మూడు నాలుగు షేర్డ్ ఫోల్డర్లు చాలు. ఒక్కో పెళ్లికి ఒక్కో వాల్యూమ్ చేసేవాళ్లున్నారు, అనవసరం. ఒకటి నిండిపోయి పక్కదానిలో ఖాళీ ఉండి ఏడవాల్సి వస్తుంది.

క్యూనాప్ కంపెనీ నాస్‌లో థిక్, థిన్ అని అడుగుతుంది. థిక్ అంటే మొత్తం చోటు ముందే పక్కకి పెట్టేస్తుంది. థిన్ అంటే రాసిన కొద్దీ తీసుకుంటుంది, పూల్‌లో లేనంత చోటు కూడా ఉన్నట్టు చూపించగలదు. పూల్ నిజంగా నిండిన రోజు థిన్ వాల్యూమ్‌లన్నీ ఒకేసారి రాతకి మొరాయిస్తాయి. హెచ్చరిక 80 శాతానికి పెట్టుకోండి. ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్‌లో మాటలు వేరు: రెయిడ్ గుంపుని వీడెవ్ అంటారు, వాల్యూమ్ స్థానంలో డేటాసెట్ ఉంటుంది.

ఫైల్ సిస్టమ్ ఎంచుకోమంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లేదా జెడ్‌ఎఫ్‌ఎస్ తీసుకోండి, స్నాప్‌షాట్ (పాత స్థితికి వెళ్లే వీలు), చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టే లెక్క) రెండూ ఉంటాయి. ఎస్ఎస్‌డీ కాష్ (తరచూ వాడే డేటాని వేగమైన డిస్కులో దగ్గర పెట్టుకోవడం) మీకు దండగ. అది పదేపదే చదివే చిన్న ఫైళ్లకి పనికొస్తుంది. 60 జీబీ వీడియోని ఒకసారి పై నుంచి కిందికి చదవడంలో దాని పాత్ర లేదు. రైట్ కాష్ (రాసే డేటాని ముందు ఎస్ఎస్‌డీలో ఉంచేది) పెడితే రెండు ఎస్ఎస్‌డీలు అద్దంగా పెట్టాలి. ఒక్కటే పెట్టి అది పోతే ఇంకా డిస్కుకి చేరని డేటా దాంతోపాటే పోతుంది.

112 ఎందుకు సరైనది

నెట్‌వర్క్ వాళ్లు బిట్లలో, స్టోరేజీ వాళ్లు బైట్లలో మాట్లాడతారు. ఇంగ్లీషు పొట్టి రాతలో బిట్‌కి చిన్న బి, బైట్‌కి పెద్ద బి, కళ్లజోడు లేకపోతే అంతే సంగతులు. గిగాబిట్ అంటే సెకనుకి 1000 మెగాబిట్లు, 8తో భాగిస్తే 125 మెగాబైట్లు. ఇందులో ప్రతి ప్యాకెట్‌కీ కవరు ఖర్చుంటుంది. మామూలు ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) 1500లో తీగ మీద ఒక ఫ్రేమ్ 1538 బైట్ల చోటు తీసుకుంటే అందులో మీ డేటా 1460. అంటే 125లో 118 మిగులుతుంది. ఎస్ఎంబీ తన వంతు తీసుకున్నాక 110 నుంచి 115. కాబట్టి 112 అంటే మీ డిస్కులూ స్విచ్చూ కేబులూ అన్నీ బాగున్నాయని అర్థం. విండోస్ చూపించే ఎంబీ 1024 లెక్కది కాబట్టి అంకె ఇంకాస్త తక్కువగా కనబడ్డా కంగారొద్దు.

ఎంటీయూని 9000 చేసి జంబో ఫ్రేములు పెడితే 118 కాస్తా 124 దాకా వెళ్తుంది. అంటే నూటికి అయిదు. దానికోసం నాస్, స్విచ్, ప్రతి పీసీ, అన్నింటిలో ఒకేలా మార్చాలి. ఒక్కచోట మర్చిపోయినా వచ్చే లక్షణం విచిత్రంగా ఉంటుంది: ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, పెద్ద ఫైల్ కాపీ మొదలవగానే బిగుసుకుపోతుంది. ఎవరైనా ఇప్పటికే మార్చి ఉంటే పరీక్ష ఇది: పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో చూసే) కమాండ్‌లో ‘ముక్కలు చేయొద్దు’ అనే ఆప్షన్ పెట్టి సైజు 8972 ఇవ్వండి. 9000లోంచి హెడర్ల 28 బైట్లు తీసేస్తే అదే. జవాబు రాకపోతే దారిలో ఎక్కడో 1500 ఉంది. గిగాబిట్‌లో నా సలహా 1500 దగ్గరే వదిలేయమని.

11 ఎందుకు తప్పు

11 లేదా 12 అని కనిపిస్తే లింకు 100 మెగాబిట్‌కి పడిపోయిందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. గిగాబిట్‌కి కేబుల్లో నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. 100 మెగాబిట్‌కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. 4, 5, 7, 8లో ఏదో ఒకటి క్రింపింగ్‌లో (కనెక్టర్ బిగించేటప్పుడు) సరిగ్గా దిగకపోతే రెండు వైపుల పరికరాలూ సర్దుకుపోయి 100కి దిగిపోతాయి. ఎక్కడా ఎర్రర్ రాదు, లైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే నెలల తరబడి ఎవరూ గమనించరు.

చూడాల్సిన క్రమం: ఆ పీసీలో ఈథర్నెట్ స్టేటస్ తెరిచి స్పీడు 1.0 జీబీపీఎస్ ఉందా, 100 ఎంబీపీఎస్ ఉందా చూడండి. 100 ఉంటే బాగా పనిచేస్తున్న సిస్టమ్ కేబుల్‌ని దానికి పెట్టండి. 1.0కి మారితే కేబులే దోషి. మారకపోతే స్విచ్‌లో వేరే పోర్టు. అప్పటికీ మారకపోతే డ్రైవర్, నెట్‌వర్క్ కార్డ్. కేబుల్ మళ్లీ క్రింప్ చేయించేటప్పుడు రెండు వైపులా ఒకే వరస ఉండాలి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. కనెక్టర్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి క్రింప్ చేసే ముందు ఎనిమిది తీగల కొసలూ చివరి గోడకి తగిలాయో లేదో కంటితో చూడొచ్చు. నీలం తీగ ఒక మిల్లీమీటరు వెనకబడితే చాలు, మీ 112 కాస్తా 11 అవుతుంది. చవక కేబుళ్లలో రాగి పూత వేసిన అల్యూమినియం ఉంటుంది, గోడలో వేయడానికి అవి పనికిరావు. క్యాట్ 6, పూర్తి రాగి అని అడిగి తీసుకోండి.

రెండు పోర్టులు కలపడం

దీన్నే బాండింగ్, లింక్ అగ్రిగేషన్, ఎల్ఏసీపీ అంటారు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. రెండు లేన్ల రోడ్డు వేస్తే ఒక లారీ వేగం పెరగదు, రెండు లారీలు పక్కపక్కన వెళ్లగలవు. ఎల్ఏసీపీ ప్రతి కనెక్షన్‌నీ దాని అడ్రస్‌ల లెక్క కట్టి ఒకే కేబుల్‌కి కేటాయిస్తుంది. ఒక పీసీ నుంచి ఒక కాపీ ఎప్పుడూ ఒక కేబుల్లోనే వెళ్తుంది, 112 దాటదు. రెండు మూడు సిస్టమ్‌లు ఒకేసారి లాగితే లాభం, అదీ ఆ లెక్కలో రెండూ ఒకే కేబుల్‌కి పడకపోతే. పైగా స్విచ్ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) అయి ఉండాలి, అందులోనూ ఆ రెండు పోర్టుల్ని గ్రూపు చేయాలి. మామూలు 8 పోర్టుల స్విచ్‌కి తగిలించి నాస్‌లో ఎల్ఏసీపీ ఆన్ చేస్తే బాక్స్ అసలు కనిపించకుండా పోవచ్చు.

ఒక్క సిస్టమ్‌కే వేగం కావాలంటే దారి 2.5 గిగాబిట్. మీ బాక్స్ పోర్టు 2.5 అయితే అదే రేటు స్విచ్, ఎడిటింగ్ పీసీకి యూఎస్‌బీ 3 నుంచి 2.5 గిగాబిట్ అడాప్టర్ చాలు. కాపీ 280 చుట్టూ వస్తుంది. మంచి క్యాట్ 5ఈ కేబుల్ మీదే నడుస్తుంది, గోడలు పగలగొట్టనక్కర్లేదు. పెళ్లి వీడియో ఎడిటింగ్‌లో తేడా కంటికి కనిపించేది దీంతోనే. 10 గిగాబిట్‌కి క్యాట్ 6లో 55 మీటర్ల దాకా, క్యాట్ 6ఏలో 100 మీటర్ల దాకా వస్తుంది గానీ, నాలుగు హార్డ్ డిస్కుల రెయిడ్ 5 అంత వేగం నింపలేదు.

ఐపీ అడ్రస్

నాస్ అడ్రస్ మారిపోతే మ్యాప్ చేసిన డ్రైవ్‌లన్నీ ఎర్ర ఇంటూ గుర్తులు చూపిస్తాయి. అడ్రస్ కదలకుండా ఉంచడానికి రెండు దారులు. నాస్‌లోనే స్టాటిక్ ఐపీ రాయడం ఒకటి. రౌటర్‌లో ఆ బాక్స్ మ్యాక్ అడ్రస్‌కి (దాని పోర్టుకి కంపెనీ ఇచ్చిన నంబరుకి) ఫలానా ఐపీ అని రిజర్వ్ చేయడం ఇంకోటి. రెండోదే మేలు, రేపు రౌటర్ సెట్టింగులు చూసినవాడికి ఆ అడ్రస్ ఎవరిదో తెలుస్తుంది. స్టాటిక్ రాస్తే మాత్రం డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తాను అడ్రస్‌లిచ్చే ఏర్పాటు) పంచే వరస బయట ఉన్న నంబరు తీసుకోండి. రౌటర్ 192.168.1.100 నుంచి 199 దాకా పంచుతుంటే నాస్‌కి 192.168.1.10 ఇవ్వండి. లోపలిది తీసుకుంటే ఏదో ఒక రోజు అదే నంబరు ఎవరి ఫోన్‌కో వెళ్తుంది, అప్పుడు నాస్ ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంది. గేట్‌వే (బయటికి దారి, అంటే రౌటర్ అడ్రస్), డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చేది) ఖాళీగా వదిలేయొద్దు, లోపల పని జరుగుతుంది గానీ టైమ్ సరిచేసుకోదు, డిస్కు పాడైనప్పుడు మెయిలూ పంపలేదు. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ దొరకలేదని అర్థం, స్విచ్‌కీ రౌటర్‌కీ మధ్య కేబుల్ చూడండి.

ఎస్ఎంబీ, ఎన్ఎఫ్ఎస్, ఐస్కజీ

విండోస్, మ్యాక్‌లకి ఎస్ఎంబీ. లినక్స్ సర్వర్లకి ఎన్ఎఫ్ఎస్. రెండింటిలోనూ ఫైల్ సిస్టమ్ నాస్ చేతిలో ఉంటుంది, పదిమంది ఒకే ఫోల్డర్ తెరిచినా అది సర్దుతుంది. ఐస్కజీ వేరు. అక్కడ నాస్ ఇచ్చేది ఫోల్డర్ కాదు, ఒట్టి డిస్కు. ఆ డిస్కు ముక్కే లన్. దాన్ని అందించే గుమ్మం టార్గెట్, తగిలించుకునే పీసీ ఇనీషియేటర్. పీసీ దాన్ని సొంత డిస్కులా ఫార్మాట్ చేసుకుంటుంది, లోపల ఏ ఫైళ్లున్నాయో నాస్‌కి తెలియదు. ఒకే లన్‌ని రెండు విండోస్ పీసీలకి తగిలించారా, ఫైల్ సిస్టమ్ చెడిపోవడం ఖాయం. ఇద్దరూ తామొక్కరే యజమాని అనుకుని రాసేస్తారు. వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) నడిపేవాళ్లకి అది కావాలి, మీకు వద్దు.

ఎస్ఎంబీలో కనీస వెర్షన్ 2, గరిష్ఠం 3 పెట్టండి. వెర్షన్ 1 మూసేయండి, 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రాం) పాకింది దానిలోని లొసుగుతోనే. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ తర్వాత నాస్ తెరుచుకోవడం లేదని చాలామంది అడుగుతున్నారు. పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ని అది ఒప్పుకోదు, సైనింగ్ (ప్రతి సందేశం అసలుదేనని తేల్చే ముద్ర) కూడా తప్పనిసరి చేసింది. విండోస్‌లో ఆ రక్షణ తీసేయకండి, నాస్‌లో ఒక్కొక్కరికి యూజర్ చేసి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇంకో చిక్కు: విండోస్ ఒకే సర్వర్ పేరుకి ఒకేసారి రెండు యూజర్ పేర్లు ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వకపోతే, క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేసి, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు విడదీసి, లాగాఫ్ అయి మళ్లీ రండి.

బయటి నుంచి చూడాలంటే

రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నాస్‌కి నేరుగా దారి తెరవడం) పెట్టొద్దు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ర్యాన్సమ్‌వేర్‌లు పట్టుకున్నది ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన నాస్ బాక్సులనే. పైగా మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లలో అది పనే చేయదు. రౌటర్ స్టేటస్‌లో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది పంచుకుంటున్నారు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీ పరికరాల మధ్య మాత్రమే నడిచే రహస్య దారి) నాస్‌లో, ఫోన్‌లో వేసుకుంటే రెండు చిక్కులూ తీరతాయి.

స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు

రెయిడ్ డిస్కు చావుకి మందు. మీ అసిస్టెంట్ ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో డిలీట్ అవుతుంది. దానికి మందు స్నాప్‌షాట్: ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత మారిన బ్లాకులకి మాత్రమే చోటు తింటుంది. పగటిపూట రెండు గంటలకొకటి, రోజుకొకటి నెలపాటు పెట్టండి. కానీ స్నాప్‌షాట్ కూడా అదే డిస్కుల మీద ఉంటుంది. పిడుగుకి, దొంగకి, బాక్స్ కాలిపోవడానికి మందు వేరే చోట ఉన్న కాపీ ఒక్కటే. 8 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు తీసుకుని వారం మార్చి వారం కాపీ చేసి, తగిలించనిది ఇంట్లో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. కెమెరా కార్డుని మాత్రం రెండో కాపీ పూర్తయ్యాకే ఫార్మాట్ చేయండి.

ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానొద్దు. ఇన్వర్టర్ కరెంటు మారే ఆ రెప్పపాటు బాక్స్ తట్టుకున్నా, బ్యాటరీ అయిపోతున్న సంగతి నాస్‌కి చెప్పదు. యూఎస్‌బీ కేబుల్ ఉన్న యూపీఎస్ అయితే చెప్తుంది, నాస్ తనంతట తాను మర్యాదగా షట్‌డౌన్ అవుతుంది.

డిస్కు మార్చే రోజు

నెలకోసారి స్క్రబ్ (డిస్కులన్నీ చదివి సరిచూసే పని) షెడ్యూల్ చేయండి, మూలనున్న చెడ్డ సెక్టర్లు రీబిల్డ్ రోజు కాకుండా ముందే బయటపడతాయి. స్మార్ట్ పట్టికలో (డిస్కు తన ఆరోగ్యం రాసుకునే చోట) నాలుగు నంబర్లు చూస్తే చాలు: 5, 197, 198, 199. మొదటి మూడు సున్నా దాటి వారం వారం పెరుగుతుంటే డిస్కు మార్చే టైమ్ వచ్చింది. 199 ఒక్కటే పెరుగుతుంటే డిస్కు కంటే ముందు దాని కనెక్షన్‌ని అనుమానించండి, ట్రే తీసి గట్టిగా కూర్చోబెట్టి చూడండి.

కొత్త డిస్కు పాతదానికి సమానం లేదా పెద్దది కావాలి, కాస్త చిన్నదైనా ఒప్పుకోదు. తీసేముందు బ్యాకప్ ఒకసారి తాజాగా చేయండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పాడైన డిస్కు సీరియల్ నంబర్ రాసుకుని, ట్రే మీద ఉన్నదాంతో సరిపోల్చాకే లాగండి. కొన్ని బాక్సుల్లో బేల లెక్క ఎడమ నుంచి, కొన్నింట్లో కుడి నుంచి మొదలవుతుంది. డిగ్రేడెడ్‌లో ఉన్న రెయిడ్ 5లో బాగున్న డిస్కుని పొరపాటున లాగితే పూల్ క్రాష్ అంటుంది. అలా జరిగితే అక్కడే ఆగండి. క్రియేట్, ఇనీషియలైజ్ అని ఏ బటనూ నొక్కొద్దు. పవర్ తీసి, అదే డిస్కుని అదే బేలో పెట్టి ఆన్ చేస్తే చాలాసార్లు తిరిగి లేస్తుంది. ఈ అవస్థ రాకుండా ఇవాళే ఒక పని చేయండి: బాక్స్ ఆపి, ఒక్కో ట్రే ముందు భాగాన చిన్న స్టిక్కర్ మీద ఆ డిస్కు సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించండి.